మూడు గంటల పెళ్లి - ఒక్క డిస్కు

పిల్లలూ! మీ ఇంట్లో బీరువా అడుగున నల్లని వి.హెచ్.ఎస్. క్యాసెట్ ఏదైనా ఉన్నదేమో వెతికి చూడండి. 1980లలో, 1990లలో జరిగిన పెళ్లిళ్లు చాలా ఇళ్లలో అట్లాంటి క్యాసెట్ల మీదనే ఉన్నవి. తాతగారు పందిట్లో హడావుడిగా తిరగటం, నాయనమ్మ వడ్డనల దగ్గర కేకలు వేయటం మళ్లీ చూడాలంటే కొందరికి అదొక్కటే ఆధారం. కాని టేపంటే అయస్కాంతపు పూత పూసిన ప్లాస్టిక్ నాడా. తేమ తగిలితే బూజు పడుతుంది. దాన్ని ఆడించే యంత్రాల తయారీ కూడా 2016లో ఆగిపోయింది. కనక దాన్ని డి.వి.డి. మీదికి ఎక్కించి దాచుకోవాలి. అక్కడ వస్తుంది చిక్కు.

పలకా బలపం తీసుకోండి, లెక్క చేద్దాం. కదిలే బొమ్మ అంటే కదలని బొమ్మల వరస. మన దేశపు పాత టి.వి. పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. డి.వి.డి. మీద ఒక్కొక్క బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలు ఉంటవి. గుణిస్తే 4,14,720. సెకనుకు 1,03,68,000 చుక్కలన్నమాట. కంప్యూటరు దేన్నయినా సున్నలతోనూ, ఒకట్లతోనూ రాసుకుంటుంది. ఆ అంకె ఒక్కొక్కటీ ఒక బిట్. రంగులను కొంత పొదుపుగా రాసినా చుక్కకు సగటున 12 బిట్లు కావాలి. అంటే సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల బిట్లు. మామూలు డి.వి.డి.లో పట్టేవి 470 కోట్ల బైట్లు. బైటుకు 8 బిట్ల చొప్పున 3,760 కోట్ల బిట్లు. భాగించి చూడండి: 302 సెకన్లు! అయిదు నిమిషాలకే డిస్కు నిండిపోయింది. పెళ్లికొడుకు కాళ్లు కడగటం కూడా పూర్తికాదు.

కనక బొమ్మను కుదించాలి. పందిరి, అరటిబోదెలు, వెనక గోడ కదలవు గదా! వాటిని ప్రతిసారీ రాయకుండా "పోయినసారి లాగే" అని రాసుకుంటే చాలు. తరవాత బొమ్మను ఎనిమిదేసి చుక్కల పొడవూ, వెడల్పూ గల గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ కంటికి బాగా ఆనే వెలుగునీడలను ఉంచి, మరీ సన్నని వివరాలను ముతకగా రాస్తారు. ఇందుకు పనికివచ్చే గణితాన్ని 1974లో ప్రకటించినవారు ముగ్గురూ మన పేర్ల వాళ్లే: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహమద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. అంతకు ముందు అహమద్ ఈ పని కోసం అమెరికాలో ధనసహాయం అడిగితే దొరకలేదు. ఆ ఊహ మరీ తేలికగా ఉన్నదని ఒక పరిశీలకుడికి తోచిందట!

ఇప్పుడు అసలు సంగతి. మన క్యాసెట్ మూడు గంటలది, అనగా 10,800 సెకన్లు. 3,760 కోట్లను పంచితే సెకనుకు 34 లక్షల పైచిలుకు బిట్లు వస్తవి. సన్నాయికీ, మంత్రాలకూ రెండు లక్షలు తీసి ఉంచితే బొమ్మకు మిగిలేది సుమారు 32 లక్షలు. ఈ సెకను రాబడినే బిట్ రేటు అంటారు. కోటికి పైగా చుక్కలకు 32 లక్షల బిట్లు! మూడు చుక్కలు కలిసి ఒక్క బిట్‌తో సరిపెట్టుకోవాలి.

పురోహితుడు మంత్రాలు చదువుతున్నంతసేపూ ఇది ఎట్లాగో సరిపోతుంది. తలంబ్రాలు మొదలయినవా, పని చెడిందే! వేలకొద్దీ బియ్యపుగింజలు తలా ఒక దిక్కుకు ఎగురుతవి. "పోయినసారి లాగే" అనటానికి ఏమీ ఉండదు. బిట్లు చాలక గడులు బయటపడి, పెళ్లికూతురి ముఖం గచ్చు మీద పరిచిన పలకల్లాగా అయిపోతుంది. అందరూ చూడాలనుకునేది ఆ నిమిషాన్నే.

చుక్కలు ఎక్కువైతే బొమ్మ బాగుంటుందని చాలామంది అనుకుంటారు. బిట్లు చాలినప్పుడే ఆ మాట నిజం. వి.హెచ్.ఎస్. టేపు అడ్డంగా చూపగల వివరం సుమారు 320 చుక్కలకు మించదు. లేని వివరానికి 720 చుక్కలెందుకు? అడ్డం 352, నిలువు 576 పెట్టవచ్చునని డి.వి.డి. నియమాలే ఒప్పుకుంటవి. అప్పుడు సెకనుకు 50,68,800 చుక్కలే. అదే 32 లక్షల బిట్లలో మూడు చుక్కలకు దాదాపు రెండు బిట్లు దక్కినవి!

నిలువు మాత్రం తగ్గించకండి. ఈ టేపు బొమ్మలో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు మరొకసారి వస్తవి. నిలువును సగం చేస్తే సాధారణంగా ఒక వరస పోయి, నడిచేవాళ్లు గతుకులుగా నడుస్తారు. వి.సి.డి.లలో 288 గీతలే కావటాన వాటి పెళ్లిళ్లు అట్లా ఉండేవి. డిజిటల్ కెమెరాతో తీసిన పెళ్లి అయితే వేరు. అందులో వివరం నిజంగానే ఉంటుంది, కాబట్టి చుక్కలు తగ్గించక రెండు డిస్కులు వాడటమే మేలు.

కుదించే ప్రోగ్రాములో "రెండు విడతలు" అని ఉంటే అదే ఎంచుకోండి. మొదటి విడతలో అది పెళ్లంతా చూసి, ఎక్కడ ఎంత కదలిక ఉన్నదో గుర్తు పెట్టుకుంటుంది. బంతిలో తలలు లెక్కపెట్టుకున్న వంటవాడి లాగా రెండో విడతలో మంత్రాల దగ్గర బిట్లు మిగిల్చి తలంబ్రాలకు వడ్డిస్తుంది. సెకనుకు 98 లక్షలు దాటరాదు, అది డి.వి.డి. బొమ్మకు పెట్టిన హద్దు.

మూడు గంటలూ ఎక్కించబోయే ముందు తలంబ్రాల నిమిషం ఒక్కటీ కత్తిరించి, అదే బిట్ రేటుతో 720 చుక్కలతో ఒకసారి, 352తో ఒకసారి కుదించండి. రెండూ ఇంట్లో టి.వి. మీద, రోజూ కూర్చునే దూరంలోనే కూర్చుని, గింజలను కాదు, వాటి వెనక ముఖాలను చూడండి. ఏది బాగున్నదో నాయనమ్మనో, అమ్మనో అడగండి.