కుదవకు నప్పిన నగ, ఒంటికి నప్పే నగ

రాప్తాడు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు రోజూ పెట్టుకునే బంగారంలో రాళ్లు తక్కువ, నగిషీ తక్కువ. బరువు మాత్రం ఉంటుంది. సాదా గొలుసుకు రెండు పుస్తెలు, నున్నటి గాజులు, చెవులకు కమ్మలు. ఇది మోటు అభిరుచి అనుకునేవాళ్లకు అక్కడి సేద్యం తెలియదనే చెప్పాలి. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, అదీ అదునుకు పడుతుందన్న భరోసా లేదు. జూన్, జూలైలో పదునైతే చెనక్కాయ విత్తాలి. విత్తనాలు, ఎరువులు, పిల్లల బడి ఫీజులు అన్నీ ఆ నెలల్లోనే మీద పడతాయి. అప్పుడు మెడలో గొలుసు బ్యాంకుకు పోతుంది. పంట చేతికొస్తే విడిపిస్తారు, రాకపోతే వడ్డీ కట్టి మళ్లీ రాయించుకుంటారు.

కుదవ పెట్టేటప్పుడు బ్యాంకు రాళ్లను, లక్కను, మజూరీని లెక్కలోకి తీసుకోదు. నికరంగా ఎంత బంగారముందో చూసి, దాని నాణ్యాన్ని బట్టి విలువ కడుతుంది. రాళ్ల హారానికి అంగట్లో పోసిన డబ్బులో మంచి భాగం ఆ పూట ఎందుకూ కొరగాదు. నున్నటి గాజులకు తరుగూ తక్కువే. ఒంటిమీది నగను ఇంత కచ్చితంగా లెక్కగట్టిన మనుషులకు ఆర్థిక సలహాదారు అవసరమేముంది?

ఇంకో వింత. రాప్తాడు నియోజకవర్గంలోని రామగిరిలోనే బంగారు గనులుండేవి. ఆంగ్లేయుల కాలంలో తవ్వారు, తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ తవ్వింది, 2001లో కోలారుతో పాటు అవీ మూతపడ్డాయి. కాళ్లకింద బంగారమున్న ఊళ్లలో మెడలోని బంగారం కుదవలో ఉండటం కొత్త సంగతి కాదు.

ఇప్పుడు విదేశాల్లో ఉన్న మన సంగతి. నెలజీతం మీద బతికే ఇంట్లో గొలుసుకు విత్తనాల ఖర్చు మోసే పని లేదు. అయినా కొనేటప్పుడు చేయి అమ్మ కొన్నట్టే 22 క్యారెట్ల మీదికి పోతుంది. దాచుకోవడానికి అది మంచిదే. రోజూ వేసుకోవడానికి మాత్రం నా ఓటు 18 క్యారెట్లకు. 22 క్యారెట్లంటే నూటికి 91.6 పాళ్లు బంగారం, అందుకే మెత్తన. కొక్కెం సాగుతుంది, సన్నని గాజు సొట్టపోతుంది, ఉంగరంలో రాయిని పట్టుకున్న మొనలు వదులవుతాయి. 18 క్యారెట్లలో బంగారం 75 పాళ్లే. మిగతా రాగి, వెండి కలిసి గట్టిదనమిస్తాయి. అమెరికా అంగళ్లలో ఎక్కువగా కనిపించే 14 క్యారెట్లు ఇంకా గట్టివి, రంగే కాస్త వెలవెలబోతుంది. చైనా యుద్ధం తర్వాత 1963లో కేంద్ర ప్రభుత్వం 14 క్యారెట్లకు మించి నగలు చేయకూడదని నిబంధన పెట్టింది. జనం ససేమిరా అన్నారు, కంసాలుల బతుకులు మాత్రం చితికిపోయాయి. కొన్నేళ్లకు ఆ నిబంధన పోయింది. అప్పుడు అవ్వలు కాదన్న బంగారాన్ని ఇప్పుడు మనవరాళ్లు డాలస్‌లో ఇష్టపడి కొంటున్నారు.

అన్నిటికన్నా ఎక్కువగా అరిగేది పుస్తెల గొలుసే. నిద్రలోనూ తీయరు కాబట్టి పుస్తె కొండీ గొలుసు మీద రాత్రింబవళ్లు రాసుకుంటుంది. గట్టి లోహం మెత్తదాన్ని తింటుంది. అమ్మ ఇచ్చిన 22 క్యారెట్ల పుస్తెలను కొత్తగా కొన్న 18 క్యారెట్ల గొలుసుకు వేస్తే ముందుగా పలచబడేది పుస్తె కొండీయే. అందుకని ఈ ఒక్కదానికి నేను నా ఓటు మార్చుకుంటాను: రెండూ ఒకే నాణ్యానివి ఉండాలి. ఏడాదికోసారి కంసాలికి చూపించి, కొండీ, కొక్కెం, అతుకులు పరీక్ష చేయించుకోవాలి. ఈతకొలనులోకి, హాట్‌టబ్‌లోకి దిగేముందు నగలు తీసేయాలి. క్లోరిన్ తక్కువ క్యారెట్ల నగలకు, అతుకులకు చేటు. చర్మం దురద పెడితే తెల్ల బంగారంలోని నికెల్‌ను ముందు అనుమానించండి. బరువైన జూకాలు రోజూ పెట్టుకుంటే చెవి తమ్మె సాగుతుంది. మాటీలు ఊరికే పుట్టలేదు, అవి ఆ బరువును జుట్టుకు పంచుతాయి. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు రాళ్ల ఉంగరం వద్దనే చెబుతాను, గ్లవ్స్ చిరుగుతాయి.

సెలవులకు వచ్చి అనంతపురంలో కొనేవాళ్లు మూడు గుర్తులు చూడాలి: బీఐఎస్ ముద్ర, 22కె916 లేదా 18కె750 అన్న నాణ్యం, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగను అంగళ్లలో అమ్మకూడదు. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ వివరాలు కనిపిస్తాయి. రెండు గ్రాముల లోపు నగలకు మినహాయింపు ఉంది, ముక్కుపుడకకు ముద్ర లేదని అంగడివాళ్లతో పోట్లాడకండి. ‘కేడీఎం’ అన్న మాటను మాత్రం హాల్‌మార్క్‌గా తీసుకోవద్దు. అది కాడ్మియంతో అతికే పాత పద్ధతి. ఆ పొగ కంసాలి ఊపిరితిత్తులకు విషం, నగ నాణ్యానికి హామీ కాదు. బిల్లులో నికర బరువు, రాళ్ల బరువు, తరుగు, మజూరీ వేరువేరుగా రాయించుకోండి. ఇంట్లో ముద్ర లేని పాత నగలుంటే దిగులు వద్దు. నిబంధన అమ్మే అంగడికే, దాచుకున్నవాళ్లకు కాదు. కరిగించి కొత్తది చేయించేముందు మాత్రం నాణ్యం పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే నగ ఇవ్వండి.