పొరుగింటి పాత్రలు

ఎలీషాకు మొరపెట్టిన విధవరాలి భర్త దేవునియందు భయభక్తులు గలవాడే. అయినా అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు (2 రాజులు 4). అప్పులతో కుంగిపోయిన వ్యక్తిని ‘విశ్వాసం చాలదు’ అని తేల్చేయడం వాక్యానుసారం కాదు.

ఎలీషా ఆమెను గద్దించలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఉన్నది కాస్త నూనె. పొరుగువారి వద్ద వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు. సిగ్గుతో ఇంట్లో దాక్కోవలసిన స్త్రీ గడపగడపకూ తిరిగింది!

మన దగ్గర ఇది తలకిందులైంది. 2010 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణాల వారపు వాయిదా ఒకరు కట్టలేకపోతే గ్రూపులోని తోటి మహిళలే ఆమె గుమ్మంలో కూర్చోవలసి వచ్చింది. పాత్ర ఇవ్వవలసిన పొరుగావిడ చేతే వసూలు చేయించారు. ఆత్మహత్యల వార్తల మధ్య ప్రభుత్వం ఆ అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. నేడు అక్రమ లోన్‌యాప్‌లు ఫోన్‌లోని బంధువులందరికీ సందేశాలు పంపి పరువు తీస్తున్నాయి.

నిద్ర, ఆకలి పోయి, దేనిమీదా ఆసక్తి లేకుండా రెండు వారాలు గడిస్తే అది డిప్రెషన్ కావచ్చు. ప్రార్థనతోపాటు వైద్యమూ కావాలి. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ కౌన్సెలర్లు ఉచితంగా మాట్లాడతారు. ఆరాధన మానేసిన కుటుంబం బహుశా కానుకల సంచి ముందు తల దించుకోలేక మానేసి ఉంటుంది. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు నేను ముందు బియ్యం సంగతి అడుగుతాను, ఆదివారం సంగతి తర్వాత.