ఆర్పిన యంత్రమున నడఁగియున్న విద్యుత్తు

కొన్ని భజనమందిరములందుఁ బాత వాల్వుల యాంప్లిఫయరు లిప్పటికిని గలవు. మా యూరి యువకుఁ డొకఁడు స్విచ్చి నార్పితినను ధైర్యమున మూఁత విప్పి లోనఁ జేయి పెట్టి, దెబ్బ తగిలి దూరముగాఁ బడెను, దైవవశమున బ్రదికెను. కారణ మేమి?

వాల్వునందు వేఁడెక్కిన కాథోడునుండి యెలక్ట్రానులు రేకువైపునకుఁ బాఱును. నడుమనున్న తీఁగజాలె తూముతలుపువలె నా ప్రవాహమును హెచ్చించుచుఁ దగ్గించుచుండుటచే సన్నని ధ్వని పెద్దదగును. ఇందులకై రేకునకుఁ దఱచుగా 250 మొదలు 400 వోల్టులు కావలయును. ఆ విద్యుత్తు, కాలువ కట్టినను జెఱువున నీరువలె, కెపాసిటరులలో నిలిచియుండును. దానిని వెడలించుటకై నేర్పరి రెసిస్టరు నమర్చును, అదియుఁ దెగియుండవచ్చును.

కావున ప్లగ్గు నూడఁదీసి, కొంతసేపు తాళి, వోల్టుమీటరుతోఁ జూచి, శేషమున్నచో రెసిస్టరు ద్వారా వెడలించి, సున్న యని తేలినగాని లోనఁ జేయి పెట్టరాదు. లోహపుపెట్టెకు భూసంబంధము తప్పదు. పడియున్న పామును గఱ్ఱతోఁ గదల్పక ముట్టుదుమా?