ఆ తడి ఎటు పోతుంది?

ఇటు రండి బిడ్డా, కూర్చోండి. తాత నెలసరి ముచ్చట తీశాడని కిసకిస నవ్వకండి. గుడ్డ సంగతి సిరిసిల్ల వాళ్లు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? జగిత్యాలలో చదువుకుంటున్న మనవరాలు మొన్న వచ్చినప్పుడు అడిగింది: "తాతా, పీరియడ్ ప్యాంటీ అంటున్నారు, ప్యాడ్ లేకుండా అదే పీల్చుకుంటుందట, ఉతికి మళ్లీ వేసుకోవచ్చట, నిజమేనా?" నిజమే. అయితే ఆ తడి ఎటు పోతుందో తెలిస్తే తప్ప అది మనకు పనికొస్తుందో లేదో తేలదు.

మామూలు గాలిలో ఉన్న వంద గ్రాముల నూలు ఏడెనిమిది గ్రాముల తేమను తనలో దాచుకుంటుంది. అంతే బరువున్న పాలిస్టర్ అర గ్రాము కూడా దాచుకోదు. అందుకే మన మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీర తీగ మీద వేసిన కాసేపటికే ఆరిపోతుంది, నూలు పంచె మాత్రం తొందరగా ఆరదు. పీరియడ్ ప్యాంటీలో కిటుకు కూడా ఏ పొర తడిని దాటిస్తుంది, ఏ పొర పట్టి ఉంచుతుంది అన్నదే. ఒంటికి తగిలే పొర పలచన, తడిని కిందికి దాటించేస్తుంది. నడిమి పొర మందం, పోగుల సందుల్లో తడిని పట్టి ఉంచుతుంది. దాని కింద పాలీయురెథేన్ అనే సన్నని పొర ఉంటుంది, అది తడిని బయటికి రానివ్వదు.

ఎంత తడి అంటారా? చాలామందికి నెలసరి మొత్తంలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లే. 80 దాటితే ఎక్కువ కింద లెక్క. గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే ప్యాంటీ కాదు, డాక్టరమ్మ కావాలి.

ఇక ఉతకడం. ముందు చన్నీళ్లే పోయాలి. వేడికి గుడ్డులో తెల్లసొన గట్టిపడ్డట్టే రక్తంలోని ప్రొటీనూ గట్టిపడి పోగులకు అతుక్కుంటుంది, మరక ఇక వదలదు. బట్టలు మెత్తబడాలని కలిపే లిక్విడ్ వద్దు, అది పోగుల మీద పూతలా పట్టి పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది. ఇస్త్రీ అసలే వద్దు, వేడికి అడుగు పొర పాడవుతుంది. ఎండలో ఆరేయాలి. లంగా కింద దాచి, చీకటి మూలన ఆరేసే అలవాటు మానండి. తడి పూర్తిగా ఆరని గుడ్డలో క్రిములు పెరుగుతాయి.

చిక్కల్లా ముసురు రోజుల్లో. మందపు పొర ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు కూడా పడుతుంది, కాబట్టి రెండు ప్యాంటీలతో పని జరగదు. సిరిసిల్లలో కండెలు చుట్టే అక్కకో, కోరుట్లలో పొద్దంతా బీడీలు చుట్టే వదినకో ఇంకో ఇబ్బంది ఉంది. ప్యాడ్ మార్చినంత సులువు కాదు, మొత్తం విప్పి మార్చుకోవాలి. విప్పిన తడిదాన్ని సంచిలో పెట్టుకుని ఇంటికి తేవాలి. ఇంటి పట్టున ఉన్నప్పుడూ, రాత్రి పడుకునేటప్పుడూ మాత్రం హాయి.

లెక్క కూడా చూద్దాం. నెలకు పదిహేను ప్యాడ్లు, ఒక్కోటి ఐదు రూపాయలు అనుకుంటే రెండేళ్లకు 1,800. ఐదు వందల చొప్పున నాలుగు ప్యాంటీలు కొంటే 2,000. రెండేళ్లు మన్నితే ఇంచుమించు సమానం, మూడేళ్లు మన్నితే లాభం, మధ్యలో ప్యాడ్లు కూడా కొనాల్సి వస్తే నష్టం. ప్యాడ్ల మీద జీఎస్టీ 2018లోనే ఎత్తేశారు. 2019 నుంచి జన్ ఔషధి కేంద్రాల్లో ప్యాడ్ ఒక్క రూపాయికే ఇస్తున్నారు. అవి వాడితే రెండేళ్ల ఖర్చు 360. అక్కడ ఏ ప్యాంటీ పోటీకి నిలవదు, చెత్త తగ్గడం ఒక్కటే దాని గెలుపు.

అందుకని మనవరాలికి ఒకటే చెప్పాను: నాలుగూ ఒక్కసారే కొనకు. ఒకటి కొని, ఇంట్లో ఉన్న రోజున, అదీ తక్కువగా అయ్యే చివరి రోజున వేసుకో. ఉతుకు, ఎన్ని గంటల్లో ఆరిందో గడియారం చూసుకో. మిగతా మూడూ కొనాలో వద్దో ఆ గంటలే చెప్తాయి.