పగకు హద్దెక్కడ?
('వచ్చి చూడుము' అను సోవియట్ చలనచిత్రమును గూర్చి)

యుద్ధచిత్రములలో పెక్కింటికి కథ ఒక్కటియే. శత్రువు వచ్చును. ఊరు తగులబెట్టును. తల్లినో చెల్లెలినో పోగొట్టుకొనిన యువకుడు తుపాకి చేపట్టును. చివరి రీలులో శత్రువు నేలగూలును, ప్రేక్షకుడు తృప్తితో ఇల్లు చేరును. ఇది చెడ్డ కథయని మేము అనము. పరాయివాడు తన గడ్డపై కాలు మోపినప్పుడు ఎదిరించుట మానవధర్మమే. కాని ఎదిరింపు వేరు, పగ వేరు. రెండును ఒకే తుపాకి గొట్టమునుండి వెలువడుటచేత దూరమునుండి చూచువానికి ఒకటిగా తోచును. ఆ రెంటి నడుమ గీత ఎచ్చట గీయవలెనో వెదకిన చిత్రమొకటి కలదు. 1985వ సంవత్సరమున ఎలెమ్ క్లిమోవ్ దర్శకత్వమున సోవియట్ యూనియనులో తయారైన ఆ చిత్రము పేరు 'వచ్చి చూడుము'. బైబిలు చివరనున్న ప్రకటన గ్రంథములో, ముద్రలు విప్పబడి నలుగురు ఆశ్వికులు లోకముమీదికి బయలువెడలు ఘట్టమున వినవచ్చు పిలుపు అది.

కథ బోధపడవలెనన్న ఆ దేశమును గూర్చి మొదట నాలుగు మాటలు చెప్పవలెను. పోలెండునకును రష్యాకును నడుమనున్న బెలారుస్, ఆనాటి బైలోరష్యా, అడవులకును ఊబి నేలలకును పెట్టినది పేరు. గ్రామములు చిన్నవి, ఇండ్లు కొయ్యవి. 1941 జూనులో జర్మను సేనలు ఈ దేశముపై విరుచుకొనిపడెను. 1944 జూలైలో రాజధాని మిన్స్క్ విముక్తి పొందువరకు మూడేండ్లు శత్రుపాలన సాగెను. అడవులను ఆశ్రయించి శత్రువుతో పోరాడిన దళములవారిని పార్టిజానులందురు. వీరు రైలు పట్టాలు పెకలించుచు, వంతెనలు కూల్చుచు, బాటలపై కాపుకాచి సైనిక వాహనములను కొట్టుచుండిరి. అడవిలో పంట పండదు గదా! రొట్టెయు బంగాళాదుంపలును గ్రామములనుండియే రావలెను. రాత్రి పార్టిజాను వచ్చి తిండి అడుగును. పగలు జర్మను వచ్చి ఆ తిండి ఎవరు పెట్టిరని అడుగును. గ్రామస్థుని బ్రతుకు అడకత్తెరలోని పోకచెక్క ఆయెను.

ఈ బ్రతుకు ఎట్లు ముగిసెనో తెలుపుటకు ఖతీన్ అను గ్రామము చాలును. 1943 మార్చి 22వ తేదీన ఆ యూరి సమీపమున బాటపై పోవుచున్న వాహనములపై పార్టిజానులు కాల్పులు జరిపిరి. మరణించినవారిలో హాన్స్ వెల్కె యను అధికారి యొకడు. ఇతడు 1936 బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో ఇనుపగుండు విసరుటలో స్వర్ణపతకము గెలుచుకొనినవాడు. ఆనాడే 118వ సహాయక పోలీసు పటాలమువారును డిర్లెవాంగర్ దళమువారును ఖతీన్‌ను చుట్టుముట్టి, జనులనందరిని ఒక ధాన్యపుకొట్టులోనికి తోలి నిప్పు పెట్టిరి. తప్పించుకొని బయటికి పరుగెత్తినవారిని కాల్చివేసిరి. మృతులు 149 మంది. వారిలో 75 మంది పిల్లలు. ఆ పటాలమున చేరినవారిలో అధికులు జర్మనులు కారు, జర్మనులు ఆక్రమించిన సోవియట్ ప్రాంతములనుండియే చేర్చుకొనబడినవారు. ఈ చేదు నిజమును సోవియట్ కాలమున బహిరంగముగా చెప్పుకొనుట అరుదు. చిత్రములో మాత్రము జర్మనుల ప్రక్కన నిలిచిన స్థానికులు స్పష్టముగనే కనిపింతురు. (పాఠకులు ఈ ఖతీన్‌ను 1940లో పోలిష్ అధికారులు సోవియట్ రహస్య పోలీసుల చేత వధింపబడిన కతీన్‌తో పొరబడరాదు. అది వేరు స్థలము, వేరు పాపము.)

దీనిని అధికారి మరణమునకు తీర్చుకొనిన పగ యనుకొనుట సగము సత్యమే. పార్టిజాను ఒక్కడైనను అడుగిడని గ్రామములును అట్లే దగ్ధమైనవి. పార్టిజానుల పీడ వదిలించుట యన్న పేరు చాటున దేశమును నిర్జనము చేయు ఆలోచన పనిచేయుచుండెను. అందుచేత దాడి చేసినవారి నెత్తిన గ్రామస్థుల చావును రుద్దుట అన్యాయము. అయినను, తాను తీసిన తుపాకియే తన ఊరికి చేటు తెచ్చినదేమో యను సందేహము పోరాడువానిని విడువదు. చిత్రమునకు ప్రాణము ఈ సందేహమునందే యున్నది.

కథారచయిత అలెస్ ఆదమోవిచ్ (1927–1994) బాల్యము దాటకమునుపే పార్టిజాను దళమున చేరినవాడు. 'ఖతీన్ కథ' అను నవల వ్రాసెను. పిమ్మట మరి యిద్దరు రచయితలతో కూడి, దగ్ధమైన గ్రామములలో బ్రతికి బయటపడినవారిని వెదకికొనిపోయి వారి మాటలను వారి నోటనే సేకరించి 1975 ప్రాంతమున గ్రంథముగా ప్రకటించెను. క్లిమోవ్ 1933లో స్టాలిన్‌గ్రాడులో జన్మించెను. 1942లో నగరము మంటలలోనుండగా తల్లితోను పసి తమ్మునితోను వోల్గా నది దాటిన బాలుడాయన. ఇరువురును ఊహించి వ్రాయవలసినది తక్కువ. అయినను చిత్రమునకు అనుమతి లభించుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టినది. వీరులు వీరులవలె కనబడుటలేదని అధికారుల అభ్యంతరము. మొదట అనుకొనిన పేరు 'హిట్లరును చంపుడు' అనునది. అదియు వారికి రుచింపలేదు. పేరు మార్చుటవలన చిత్రమునకు మేలే జరిగినదని మా యభిప్రాయము.

కథానాయకుడు ఫ్ల్యోరా యను బాలుడు. అలెక్సీ క్రావ్‌చెంకో అను పదునాలుగేండ్ల కుర్రవాడు ఆ వేషము ధరించెను. దళమున చేరవలెనన్న ఎవరి తుపాకి వారు తెచ్చుకొనవలెను. కావున ఇసుకలో పూడిపోయిన పాత తుపాకిని ఫ్ల్యోరా త్రవ్వి తీయుటతో చిత్రము మొదలగును. త్రవ్వవద్దని ఊరి ముసలిపెద్ద కేకలు వేయును. తల్లి ఏడ్చును. వాడు నవ్వుచు పోవును. అడవిలో దళపతి కోసాచ్ వానిని యుద్ధమునకు తీసికొనిపోక శిబిరముననే విడిచిపెట్టును. వాని మంచి బూట్లు మాత్రము వేరొకని పాలగును. వీరత్వము ఇట్లు చిన్న అవమానముతో ఆరంభమగుట మాకు మిక్కిలి సహజముగా తోచినది.

అంతలో బాంబులు పడును. ఇక్కడినుండి రేడియో శ్రోతలు చెవులు రిక్కించి వినవలసిన చిత్రమిది. ప్రేలుడువలన బాలుని చెవులు గింగురుమనును. ఆ గింగురు మన చెవులలోను మ్రోగును. మనుష్యుల మాటలు నీటి అడుగునుండి వచ్చినట్లు అస్పష్టముగా వినబడును. చిత్రము పొడవునను ఆకాశమున ఒక విమానపు ఘూర్ణనము వచ్చుచు పోవుచుండును. వాడు గ్లాషా యను బాలికతో ఇల్లు చేరునప్పటికి లోపల ఎవరును లేరు. చారు ఇంకను వెచ్చగా నున్నది. చెల్లెండ్ర బొమ్మలు నేలపై పడియున్నవి. ఈగల రొద. మాట యొక్కటియు లేదు. ఆ ఈగల రొదయే సంగతి చెప్పుచున్నది, కాని వాడు వినుటకు సిద్ధముగా లేడు. తనవారు ఊబి నడుమనున్న దీవికి పోయి దాగియుందురని పరుగెత్తును. వాని వెనుక పరుగెత్తుచున్న గ్లాషా ఒక్కమారు తల త్రిప్పి చూచును. ఇంటి వెనుక గోడవద్ద శవముల కుప్ప. దర్శకుడు దానిని ఒక్క క్షణము మాత్రమే చూపును. దీవిపై ఒడలెల్ల కాలిన ముసలిపెద్ద కనబడును. త్రవ్వవద్దని చెప్పితిని గదా యని వాడు గొణుగును. నిందించువాని కంఠమున కోపము లేదు. అందుచేతనే ఆ మాట బాలుని గుండెలో శూలమువలె దిగును.

పెరెఖోదీ యను గ్రామము కాలు ఘట్టమును గూర్చి ఇచ్చట విపులముగా వ్రాయము. ఖతీన్‌లో జరిగినదే అక్కడను జరుగును. లౌడుస్పీకరునుండి హుషారైన సంగీతము మ్రోగుచుండగా జనులను కొట్టులోనికి తోలుదురు. పిల్లలను లోపల విడిచి పెద్దలు బయటికి రావచ్చునని చెప్పుదురు. ఫ్ల్యోరా కిటికీగుండ బయటపడును. మంటలు లేచినప్పుడు సైనికులు చప్పట్లు చరతురు. చూపిన దారుణముకంటె వినిపించిన వేడుక మిక్కిలి భయంకరము. వేరొకచోట ఆవు చచ్చు రాత్రి దృశ్యమున నిజమైన తూటాలనే ప్రేల్చినట్లు తరువాత ఆ నటుడు చెప్పియున్నాడు. దీనిని కొందరు సాహసమని కొనియాడిరి. బాలుని తలపైగా తూటాలు పోనిచ్చుట మాకు మెచ్చదగినదిగా తోచలేదు.

పిమ్మట పార్టిజానులు ఆ దండును పట్టుకొందురు. ఇచ్చటనే మామూలు చిత్రమైనచో ప్రేక్షకుడు ఊపిరి పీల్చుకొనును. బందీలలో వృద్ధుడైన అధికారి తన తప్పేమియు లేదని వేడుకొనును. పడుచు అధికారి వేడుకొనడు. కొన్ని జాతులకు బ్రతుకు హక్కు లేదనియు, సమస్తమును పిల్లలతోనే ఆరంభమగును గనుక పిల్లలను మిగుల్పరాదనియు బల్లగుద్ది చెప్పును. కోసాచ్ ఆ మాటలను అందరును వినునట్లు అనువదింపజేయును. తన ప్రాణము దక్కించుకొనుటకై బందీలలోనే యొకడు తోటివారిపై పెట్రోలు చల్లును. జనుల కన్నులలో పగ కనబడుచునే యున్నది. కాని నిప్పు అంటించుటకు ముందే వారు తుపాకులు ప్రేల్చి ఆ తంతు ముగింతురు. శత్రువును చంపిరి గాని, శత్రువు చంపినట్లు చంపలేదు. ఆ తేడా మరణించినవానికి ఏమంత పెద్దది కాకపోవచ్చును. చంపినవారు రేపు మరల గ్రామములు కట్టుకొని బ్రతుకవలసినవారు. తేడా వారికి సంబంధించినది.

ఇంతవరకు ఫ్ల్యోరా తన తుపాకిని ఒక్కమారైనను ప్రేల్చలేదు. ఇప్పుడు బురదలో పడియున్న హిట్లరు పటమును చూచి కాల్చును. ఒక్కొక్క తూటాకు చరిత్ర వెనుకకు నడచును. కూలిన కట్టడములు మరల లేచును. బాంబులు విమానములలోనికి తిరిగిపోవును. సభలు, ఊరేగింపులు, మొదటి ప్రపంచయుద్ధము, అన్నియు వెనుకకు పరుగెత్తును. చివరకు తల్లి ఒడిలోనున్న పసివాని ఛాయాచిత్రము నిలుచును. ఫ్ల్యోరా గురిపెట్టును. వ్రేలు కదలదు.

ఆ పసివానిని కాల్చియున్నచో ఏమగును? సమస్తమును పిల్లలతోనే ఆరంభమగునన్న పడుచు అధికారి వాదమును ఆ బాలుడు అంగీకరించినట్లే యగును. ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. తండ్రిని మోసమున కోల్పోయిన అశ్వత్థామ నిద్రించుచున్న ఉపపాండవులను వధించెను. భాగవతమున అర్జునుడు వానిని కట్టి తెచ్చినప్పుడు, తనవలె వాని తల్లియు ఏడువరాదని ద్రౌపది విడిపించెను. విడువబడిన అశ్వత్థామయే పిదప ఉత్తర గర్భమునందలి శిశువుపై అస్త్రము ప్రయోగించెను. క్షమించినంత మాత్రమున ఎదుటివాడు మారునని ఆ కథ హామీ ఇచ్చుటలేదు. క్లిమోవ్ కూడ అట్టి హామీ ఏదియు ఇయ్యడు. వ్రేలు కదల్పలేకపోయిన ఫ్ల్యోరా తుపాకిని పారవేయడు, భుజమున వేసికొని దళము వెంట అడవిలోనికి నడచును. వరుసలో వానివంటి మరియొక క్రొత్త కుర్రవాడు కూడ నడచుచుండును. మొజార్ట్ సంగీతము వినవచ్చును. బైలోరష్యాలో 628 గ్రామములు నివాసులతో సహా దగ్ధమైనవని తెరపై అక్షరములు పడును.

ఈ చిత్రము 1985లో మాస్కో అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున స్వర్ణ బహుమానము పొందెను. సరిచేసి పునరుద్ధరించిన ప్రతి 2017లో వెనిస్ ఉత్సవమున బహుమతి గాంచెను. 2003లో మరణించువరకు క్లిమోవ్ మరొక చిత్రము తీయలేదు. ఆయన భార్య లారిసా షెపిత్కో కూడ బెలారుస్ పార్టిజానులను గూర్చి 'ఆరోహణము' అను చిత్రమును 1977లో తీసి బెర్లిన్ ఉత్సవమున ప్రథమ బహుమానము గెలుచుకొనెను. ఆమె 1979లో మోటారు ప్రమాదమున మరణించెను. భార్యాభర్తల ఈ రెండు చిత్రములను ఒకదాని వెంట ఒకటి చూచుట మంచిది. ఆమెది మంచు, ఈయనది బురద.

ఖతీన్‌లో 1969లో స్మారకము నెలకొల్పిరి. గ్రామమున ఉండిన 26 ఇండ్ల స్థానములలో పొగగొట్టముల ఆకృతులు నిలిపి, ఒక్కొక్కదానికి గంట కట్టిరి. ముప్పది సెకండ్లకొకమారు అవి మ్రోగును. మరణించిన కుమారుని చేతులపై ఎత్తుకొనిన యోసిఫ్ కామిన్‌స్కీ విగ్రహము అక్కడ కలదు. ఆ ఊరి పెద్దలలో ప్రాణములతో మిగిలినవాడు ఆయన యొక్కడే. మూడు బూర్జవృక్షములు నాటి, నాలుగవ చెట్టు ఉండవలసిన చోట ఆరని జ్వాల వెలిగించిరి. ఆ దేశ ప్రజలలో నలుగురికొకరు మరణించిరను లెక్కకు అది గుర్తు.

చిత్రము నిడివి రెండు గంటల ఇరువది నిమిషములకు పైచిలుకు. పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని చూడదగినది కాదు. పెద్దలైనను రాత్రి భోజనమైన పిదప చూడకుండుట మేలు. శబ్దము తగ్గించి చూచినచో సగము చిత్రము పోవును.