ఎండాకాలంలో గులాబీని పూయించొద్దు, బతికించండి



పోయినేడాది ఏప్రిల్ చివర్లో హైదరాబాద్ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. మిద్దె మీద పన్నెండు గులాబీలు పెట్టుకుంది, అన్నీ మా దగ్గర కొన్నవే. "తమ్మీ, పూలు మరీ చిన్నగైతున్నయ్, ఏం జెయ్యాలె?" అని అడిగింది. నేను పొలం పనిలో హడావుడిగా ఉండి, "కొమ్మలు సగానికి కత్తిరించి జీవామృతం పొయ్యండక్కా, కొత్త చిగుళ్లొస్తాయి" అని చెప్పేశాను. నవంబర్‌లో అయితే అది మంచి సలహానే. మూడు వారాలకు ఫొటోలు పంపింది. వచ్చిన చిగుళ్లు మాడిపోయాయి, కొమ్మలు పైనుంచి కిందికి నల్లబడ్డాయి. పన్నెండింటిలో ఏడు పోయాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "ఎండలు ఎక్కువున్నయ్ గదా తమ్మీ" అంది. తప్పు ఎండది కాదు, నాది. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, నెల చూసుకుని చెప్పాల్సింది.

అందుకే ఈసారి వీడియో తీశాను. అందులో చూపించినవే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ఎండలో మొక్క ఏం చేస్తుంది?

పగటి వేడి 25 నుంచి 28 డిగ్రీలుంటే గులాబీ హాయిగా ఉంటుంది. 35 దాటితే పువ్వు చిన్నదవుతుంది, రంగు వెలుస్తుంది, విచ్చిన కాసేపటికే రేకులు వాడిపోతాయి. మన దగ్గర మే నెలలో 42 డిగ్రీలంటే మామూలు సంగతి. ఆకుల నుంచి ఆవిరయ్యేంత వేగంగా వేరు నీళ్లు అందించలేదు. దాంతో మొక్క ఆకు రంధ్రాలు మూసుకుంటుంది, ఆహారం తయారీ తగ్గుతుంది. అంటే పని తగ్గించుకుని ప్రాణం కాపాడుకుంటోందన్నమాట. సరిగ్గా అప్పుడే మనం కత్తిరించి చిగురు వెయ్యమంటే, దాచుకున్న బలం కాస్తా ఖర్చయిపోతుంది. పైగా ఆకుల నీడ పోయి కొమ్మ బెరడు కాలుతుంది. ఎండు తెగులు అక్కడి నుంచే మొదలై కిందికి దిగుతుంది.

కాబట్టి మార్చి నుంచి మృగశిర కార్తె దాకా మన పని వేరునీ ఆకునీ కాపాడటం. పూలు ఎన్ని వస్తే అన్నే.

నీళ్లు

ఉదయం 7 లోపే పొయ్యాలి. తొట్టిలో అయితే అడుగు బెజ్జం నుంచి నీళ్లు కారేదాకా పోసి ఆపాలి. నేలలో అయితే రోజూ పైపైన చల్లే బదులు రెండు మూడు రోజులకోసారి లోతుగా తడపండి. ఎర్ర నేలలు తొందరగా ఆరతాయి, నల్లరేగడికి ఇంకో రోజు ఆగొచ్చు.

మధ్యాహ్నం ఆకులు వాలగానే కంగారుపడి నీళ్లు పొయ్యకండి. మట్టిలో రెండు అంగుళాలు వేలు పెట్టి చూడండి. తడి ఉంటే అది దాహం కాదు, ఎండ దెబ్బ. సాయంత్రానికి ఆకులు వాటంతటవే లేస్తాయి. పొద్దున కూడా వాలి ఉండి, మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు చాల్లేదని అర్థం. తడి ఉన్నా పొద్దున్నే వాలి ఉంటే వేరు కుళ్లుతోందేమో చూసుకోండి.

ఇంకోటి, మిద్దె మీద నల్ల పైపులో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి కాగిపోతాయి. పైపు పెట్టేముందు ఆ వేడి నీళ్లు బకెట్లోకి వదిలెయ్యండి.

ఆచ్ఛాదన

బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫ్సా అని పాలేకర్ గారు చెప్పిన నాలుగింటిలో మనం జీవామృతాన్నే ఎక్కువ పట్టుకుంటాం. ఎండాకాలంలో గులాబీకి ముందు కావాల్సింది ఆచ్ఛాదన. వరిగడ్డి, ఎండాకులు, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది మూడు అంగుళాల మందం వెయ్యండి. కాండం చుట్టూ రెండు అంగుళాలు మాత్రం ఖాళీ వదలాలి, లేకపోతే మొదలు కుళ్లుతుంది. చెదలు వచ్చే చోట ముందే గుప్పెడు వేపపిండి చల్లండి.

తొట్టికి కూడా నీడ కావాలి. నల్ల ప్లాస్టిక్ తొట్టి పడమటి ఎండకి కాలితే అంచున ఉన్న వేర్లు ఉడికిపోతాయి. తొట్టి చుట్టూ తడి గోనెసంచి కట్టండి, తొట్లన్నీ దగ్గర దగ్గరగా పెట్టండి. గచ్చు మీద నేరుగా పెట్టకుండా కింద ఇటుకలు వెయ్యండి.

నీడ

గులాబీకి పొద్దుటి ఎండ కావాలి, మధ్యాహ్నం ఎండ వద్దు. 50 శాతం షేడ్ నెట్ చాలు, పాత కాటన్ చీర కట్టినా సరే. మొక్కలకు ఆనకుండా ఎత్తుగా కట్టండి, గాలి ఆడాలి.

కత్తెర, జీవామృతం

వాడిన పువ్వును దాని కింది మొదటి ఆకు దాకా తుంచితే చాలు. నీరసంగా ఉన్న మొక్కకు మొగ్గలు కూడా గిల్లెయ్యండి. నల్లబడిన కొమ్మను మాత్రం పచ్చి భాగం తగిలేదాకా కోసి, కోత మీద ఆవుపేడ ముద్ద పెట్టండి. అంటు కింద నుంచి వచ్చే దొంగ కొమ్మల్ని మొదలంటా పీకెయ్యండి. పెద్ద కత్తిరింపు, తొట్టి మార్చడం ఇప్పుడు వద్దు.

జీవామృతం నెలకోసారి, లీటరుకి 20 లీటర్ల నీళ్లు కలిపి, సాయంత్రం పూట, తడిసిన మట్టిలోనే పొయ్యండి. పొడి మట్టిలో ఏదీ పొయ్యకండి.

ఎర్రనల్లి

ఎండలో గులాబీకి అసలు శత్రువు ఇదే. ఆకు పైన సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తాయి. తెల్లకాగితం మీద ఆకుని తడితే చుక్కలు కదులుతాయి. మొదట్లోనే రోజు విడిచి రోజు పొద్దున్నే ఆకుల అడుగుభాగం తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం కుంకుడు రసం కలిపి, ఎండ పూర్తిగా తగ్గాకే కొట్టండి. పగటి ఎండలో నూనె కొడితే ఆకు మాడుతుంది.

వానలు పడి మొక్క కుదురుకున్నాక మేత పెంచండి. అసలు కత్తిరింపు అక్టోబర్, నవంబర్‌లో చేద్దాం.

ఆ అక్కకి పోయినేడాది మృగశిర వెళ్లాక ఏడు మొక్కలు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. డబ్బులిస్తానంటే తీసుకోలేదు. ఈ మార్చిలోనే ఆమె నెట్ కట్టించుకుంది. మొన్న ఫోన్ చేసి, "తమ్మీ, పూలైతే లేవు గానీ ఆకులు పచ్చగున్నయ్" అంది. ఈ ఎండల్లో అంతకంటే ఏం కావాలి!

ఈరోజు మధ్యాహ్నం రెండింటికి మీ తొట్టి మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. మీ చెయ్యి కాలితే లోపల వేరు కూడా కాలుతున్నట్టే. ముందు గోనెసంచి వెతకండి.