వానాకాలం పావురాలకు విందెందుకు?

ఇంగ్లండులో ఆగస్టులో రేప్ పంట విత్తుతారు. మన ఆవాలకు దగ్గరి చుట్టం, నూనెగింజే. మొలకల వేళ వానలు ఆగకపోతే నేలలో నీరు నిలుస్తుంది. వేళ్లకు గాలాడక మొక్క గిడసబారుతుంది. కొన్నిటిని గుల్లలేని నత్తలు నమిలేస్తాయి. చేను అక్కడక్కడా పలచబడుతుంది.

సరిగ్గా అక్కడే ఉడ్ పిజియన్లనే పావురాలు వాలతాయి. ఒక్కోటి అరకిలో ఉంటుంది మరి! దట్టమైన చేలో వాలడానికి చోటుండదు, నక్క వస్తే కనబడదు. పలచటి చోట ఆ బెంగ లేదు. చలికాలమంతా ఆకులు పొడుచుకు తింటాయి.

పంటను కాపాడుకోవడానికి అక్కడి చట్టం షరతులతో వీటిని కాల్చనిస్తుంది. వేటగాళ్లు బొమ్మ పావురాలు నిలబెట్టి, పొదల చాటున కూర్చుంటారు. కానీ జోరువానలో పావురాలు చెట్లు దిగవు, బురదలో వేటగాళ్ల బండీ కదలదు. వాన వెలిసిందా, ఆకలితో గుంపులుగా దిగుతాయి.